దించిన సిల్వరాడో, పెద్ద రిమ్ములు: ఐదేళ్ల తర్వాత

ముందు బండి వివరాలు. 2015 షెవర్లే సిల్వరాడో 1500, నాలుగు తలుపుల క్రూ క్యాబ్, 5.3 లీటర్ల వి8, టూ వీల్ డ్రైవ్. 2019లో 48 వేల మైళ్లు తిరిగిన బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2020 అక్టోబర్‌లో బండి ఎత్తును ముందు నాలుగు అంగుళాలు, వెనక ఆరు అంగుళాలు దింపించి, 24 అంగుళాల రిమ్ములు వేయించాను. రెండేళ్లు అలా తిప్పాక ముందు రెండు, వెనక నాలుగుకు మార్చి, 22 రిమ్ములకు వచ్చాను. అప్పటి నుంచి ఇప్పటిదాకా అదే. మా ఇల్లు డాలస్‌కు ఉత్తరాన ఆబ్రీ దగ్గర, ఆఫీసు ప్లేనోలో. వారానికి మూడు నాలుగు రోజులు రానూ పోనూ దాదాపు 60 మైళ్లు. అంటే రెండు రకాల సెట్టింగునూ ఒకే బండి మీద, అవే రోడ్ల మీద చూశాను.

అసలు మాట ఇప్పుడే చెప్పేస్తాను. బండిని దించినందుకు ఈ ఐదేళ్లలో ఒక్కరోజు కూడా బాధపడలేదు. 24 వేసినందుకు చాలాసార్లు పడ్డాను. దించడం, పెద్ద రిమ్ము వేయడం వేర్వేరు పనులు. షాపుల్లో రెండూ కలిపి ఒకే ప్యాకేజీగా అమ్ముతారు, ఫోటోల్లో రెండూ కలిసే కనిపిస్తాయి కాబట్టి మనమూ ఒకటే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

టెక్సస్‌లో ఉన్నవాళ్లకు ఈ ట్రక్కులు కొత్త కాదు. ఆదివారం సాయంత్రం గార్లండ్ వైపు వెళ్తే మెక్సికన్ కుర్రాళ్ల సింగిల్ క్యాబ్ సిల్వరాడోలు వరసగా కనిపిస్తాయి. నేలకు ఆనుకున్నట్టుండే బాడీ, 24 అంగుళాల స్నోఫ్లేక్ రిమ్ములు. అలా దించిన బండిని వాళ్లు తుంబాదా అంటారు. ఈ ఇష్టం నిన్న మొన్న పుట్టింది కాదు. 1972లో షెవర్లే పేరుతో అమెరికాలోకి వచ్చిన లవ్ అనే చిన్న పికప్పును జపాన్‌లో ఇసుజు తయారుచేసేది. అలాంటి చిన్న ట్రక్కులను దించడంతోనే కాలిఫోర్నియాలో మినీ ట్రక్కుల మోజు మొదలైంది. 1993లో ఫోర్డ్ అయితే లైట్నింగ్ పికప్పును ఫ్యాక్టరీలోనే కాస్త దించి అమ్మింది. పికప్ అంటే ఎత్తుగానే ఉండాలన్న నియమం ఏమీ లేదు. ఇంటి పనులకు, హైవేకు వాడే టూ వీల్ డ్రైవ్ బండికి ఆ ఎత్తు పెద్దగా అక్కరకు కూడా రాదు.

నాలుగు బై ఆరు, రెండు బై నాలుగు అని అంటుంటారు. మొదటి అంకె ముందు దించేది, రెండోది వెనక దించేది. వెనక ఎందుకు రెండు అంగుళాలు ఎక్కువంటే, కంపెనీ బండిలోనే వెనక భాగం ఎత్తుగా ఉంటుంది. బెడ్డులో, అంటే సామాను వేసే వెనక తొట్టెలో బరువు పడితే సమానంగా రావాలని అలా పెడతారు. ముందూ వెనకా ఒకే కొలత దించితే వెనక ఇంకా లేచే కనిపిస్తుంది.

ముందు వైపు దించడానికి రెండు దార్లు. ఒకటి, స్ప్రింగు పొట్టిది వేయడం. రెండోది, స్పిండిల్ మార్చడం, అంటే చక్రం బిగించే హబ్బు ఉండే చోటు రెండు అంగుళాలు పైకి జరిగి ఉన్న స్పిండిల్ వేయడం. స్పిండిల్ వేస్తే కంట్రోల్ ఆర్ములు (చక్రాన్ని చాసీకి కలిపే చేతులు), స్ప్రింగు ఉన్నచోటే ఉంటాయి, చక్రం ఒక్కటే బాడీలోకి పైకి వెళ్తుంది. సస్పెన్షన్ ఆడే దూరం తగ్గదు. స్ప్రింగు మారిస్తే ఆర్ముల కోణం మారుతుంది, చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, కింద ఆడే చోటు తగ్గుతుంది. నాలుగు అంగుళాలు కావాలంటే రెండూ కలపాలి. రెండు చాలనుకుంటే స్పిండిల్ ఒక్కటే సరిపోతుంది. ఈ ఒక్క తేడా నాకు ముందే తెలిసి ఉంటే మొదటి రోజే రెండు దగ్గర ఆగేవాణ్ణి.

2014 నుంచి 2018 దాకా వచ్చిన సిల్వరాడోలు ఉన్నవాళ్లు కిట్టు ఆర్డర్ చేసే ముందు ఒక అయస్కాంతం పట్టుకుని బండి కిందికి వెళ్లండి. ఈ బండ్లలో ముందు కంట్రోల్ ఆర్ములు ఒకే రకం కాదు. కొన్నింటికి అల్యూమినియం, కొన్నింటికి రేకు నొక్కి చేసిన ఉక్కు, కొన్నింటికి పోత ఉక్కు. అయస్కాంతం అతుక్కోకపోతే అల్యూమినియం. అతుక్కుంటే టార్చి వేసి చూడండి, అంచున వెల్డింగు గీత కనిపిస్తే రేకుది. ఆర్మును బట్టి, దాని చివర స్పిండిల్‌ను పట్టుకునే బాల్ జాయింట్ కొలత, దాన్ని బట్టి స్పిండిల్ మారతాయి. తప్పు కిట్టు వస్తే బండి జాక్ స్టాండ్ల మీద వారం రోజులు నిలబడాల్సిందే.

వెనక ఆరు అంగుళాలు దించడానికి ఫ్లిప్ కిట్టు వేస్తారు. మామూలుగా కమాన్ కట్ట (ఉక్కు పట్టీల స్ప్రింగు) యాక్సిల్ మీద కూర్చుని ఉంటుంది. ఫ్లిప్‌లో యాక్సిల్‌ను తీసి కట్ట పైకి ఎక్కిస్తారు. యాక్సిల్ గొట్టం లావు, కట్ట మందం కలిపి అంత మేర బండి ఒక్కసారిగా దిగిపోతుంది. అప్పుడు యాక్సిల్ చాసీకి బాగా దగ్గరవుతుంది కాబట్టి, సరిగ్గా దాని పైనున్న చోట చాసీని ఇంగ్లిషు సి అక్షరంలా కోసి, చుట్టూ మందపాటి ఉక్కు ప్లేటు పెట్టి బోల్టులు బిగిస్తారు. దీన్నే సి నాచ్ అంటారు. నా కళ్ల ముందే కోశారు. గ్రైండర్ నిప్పురవ్వలు కాంక్రీటు మీద పడుతుంటే కొంచెం గుండె దడగా అనిపించిన మాట నిజం. ఈ పనిలో వెనక్కి తీసుకోలేనిది ఇదొక్కటే. స్ప్రింగులు, స్పిండిళ్లు, రిమ్ములు అన్నీ మళ్లీ మార్చుకోవచ్చు. కోసిన చాసీ మాత్రం కోసినట్టే ఉంటుంది.

ఇక రిమ్ముల లెక్క. ఈ బండికి ఆరు బోల్టులు, 139.7 మిల్లీమీటర్ల వృత్తంలో. మధ్య రంధ్రం 78.1 మిల్లీమీటర్లు. నేను కొన్నవి కంపెనీ డిజైన్ చూసి చేసిన 24 బై 10 రిమ్ములు, ఆఫ్‌సెట్ ప్లస్ 31, అంటే హబ్బుకు ఆనే తలం రిమ్ము నడిమధ్య నుంచి 31 మిల్లీమీటర్లు బయటి వైపుకు ఉంటుంది. మధ్య రంధ్రం అచ్చంగా సరిపోయింది కాబట్టి సందు నింపే రింగులు అక్కర్లేదు. వేరే డిజైన్లలో ఆ రంధ్రం పెద్దగా ఉంటుంది, అప్పుడు రింగులు తప్పనిసరిగా వేయించుకోండి. టైర్లు 295/35ఆర్24, అంటే వెడల్పు 295 మిల్లీమీటర్లు, బుగ్గ ఎత్తు అందులో 35 శాతం, రిమ్ము 24 అంగుళాలు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. రిమ్ము 18 నుంచి 24కు పెరిగిందంటే చక్రం మొత్తం ఆరు అంగుళాలు పెరిగిందనుకుంటారు. పెరగదు. నా బండితో వచ్చిన 265/65ఆర్18 టైరు ఎత్తు దాదాపు 802 మిల్లీమీటర్లు. 295/35ఆర్24 ఎత్తు 816. తేడా 14 మిల్లీమీటర్లే. స్పీడోమీటర్ 70 చూపిస్తే నిజానికి 71 దాటి వెళ్తుంటాం, అంతే. అయితే పెరిగిన ఆ ఆరు అంగుళాల లోహం ఎక్కడికి పోయింది? టైరు బుగ్గలోంచి తీసుకుంది. 18 టైరుకు రిమ్ము అంచు నుంచి నేల దాకా 172 మిల్లీమీటర్ల రబ్బరు, గాలి ఉంటాయి. 24కు 103. గుంతలో పడ్డప్పుడు రిమ్మును కాపాడే మెత్తదనం అదొక్కటే. ఇంట్లో బరువు తూచే మిషన్ మీద చక్రాలు పెట్టి చూశాను. పాతది టైరుతో కలిపి 64 పౌండ్లు, కొత్తది 93. ఒక్కో మూలకు 29 పౌండ్లు ఎక్కువ, అదీ తిరిగే బరువు. స్ప్రింగు మోసే బరువు వేరు, స్ప్రింగు కింద వేలాడుతూ తిరిగే బరువు వేరు. రెండోది బండి కదిలిన ప్రతిసారీ, ఆగిన ప్రతిసారీ తెలుస్తుంది.

మొదటి వారం మాత్రం చెప్పలేనంత ఆనందం. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడికి తీసుకెళ్లి పూజ చేయించాం. నిమ్మకాయల మీద ఆ వెడల్పాటి టైర్లు ఎక్కి దిగుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇక నడపడం. మలుపులో బాడీ ఒక పక్కకు ఒరగడం సగానికి సగం తగ్గింది. టోల్‌వే మీద పక్కనుంచి పెద్ద ట్రక్కు దూసుకెళ్తే ముందు బండి ఊగేది, ఇప్పుడు ఊగదు. స్టీరింగు తిప్పగానే ముక్కు తిరుగుతుంది. బెడ్డు తలుపు ఆరు అంగుళాలు కిందికి రావడంతో సామాను ఎక్కించడం నడుముకు ఎంత హాయో వాడితేనే తెలుస్తుంది. ఇవన్నీ దించడం వల్ల వచ్చినవి, రిమ్ముల వల్ల కాదు. అది తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది.

రెండో వారంలో 65 మైళ్ల వేగం దగ్గర వణుకు మొదలైంది. స్టీరింగులో కాదు, సీటు కింద, నేలలో. కప్పు హోల్డర్‌లో కాఫీ మీద వలయాలు తేలేవి. బిగించిన షాపువాళ్లు బ్యాలెన్సింగ్ అన్నారు. మూడుసార్లు బ్యాలెన్స్ చేశారు, డబ్బులు తీసుకున్నారు, వణుకు అలాగే ఉంది. చివరికి వేరే చోట ఒక పెద్దాయన బండి కిందికి వెళ్లి, కోణం చూసే డిజిటల్ గేజి పెట్టి, ముందు గేర్‌బాక్సు చివర, తర్వాత వెనక డిఫరెన్షియల్ ముక్కు దగ్గర కొలిచాడు. ఈ రెండూ దాదాపు సమాంతరంగా ఉండాలి. యాక్సిల్ పైకెక్కించినప్పుడు ఆ ముక్కు పైకి తిరిగిపోయింది, ఎవరూ చూడలేదు. కమాన్ కట్టకు, యాక్సిల్‌కు మధ్య వాలుగా ఉండే షిమ్ ముక్కలు వేసి సరిచేశాడు. అరగంట పని. వణుకు ఆ రోజే పోయింది. ఫ్లిప్ చేయించేవాళ్లు షాపులో మొదట అడగాల్సింది ఇదే: పినియన్ కోణం, అంటే ఆ ముక్కు కోణం కొలుస్తారా, కొలిచి కాగితం మీద రాసిస్తారా? మాట తప్పిస్తే ఇంకో షాపు చూసుకోండి.

తర్వాతి దెబ్బ టైర్ల మీద. తొమ్మిది వేల మైళ్లకే ముందు రెండు టైర్లూ లోపలి పక్క తినేశాయి. బయట నిలబడి చూస్తే టైరు గాడులు నిండుగా, కొత్తవిలా ఉన్నాయి. ఆయిల్ మార్చడానికి బండి పైకెత్తినప్పుడు చూస్తే లోపలి అంచున తీగలు కనిపిస్తున్నాయి. దించిన రోజే అలైన్‌మెంట్ చేయించాను. కానీ కొత్త స్ప్రింగులు కొన్ని వందల మైళ్లు తిరిగాక ఇంకాస్త దిగి కుదురుకుంటాయి, అప్పుడు మళ్లీ చేయించాలని నాకెవరూ చెప్పలేదు. ముందు చక్రాల పైభాగం లోపలికి డిగ్రీన్నర దాకా వాలింది, దానికి తోడు చక్రాల ముందు అంచులు బయటికి తెరుచుకున్నాయి. వాలడం ఒక్కటే అయితే టైరు నెమ్మదిగా అరుగుతుంది. తెరుచుకోవడం కూడా కలిస్తే ఆకురాయితో రాసినట్టే. 24 టైర్లు రెండు కొంటే ఎంతవుతుందో ఆ రోజు తెలిసొచ్చింది. అప్పటి నుంచి 500 మైళ్లకు ఒకసారి, తర్వాత ఆరు నెలలకోసారి అలైన్‌మెంట్, నెలకోసారి మోకాళ్ల మీద కూర్చుని లోపలి అంచును చేత్తో తడిమి చూడటం. చెయ్యి కంటికన్నా ముందే చెబుతుంది.

2021 ఫిబ్రవరి మంచు తుపాను డాలస్‌లో ఉన్నవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. మా ప్రాంతంలో నేల నల్లరేగడి లాంటి బంకమట్టి, వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, రోడ్లు మామూలుగానే పగుళ్లిస్తాయి. ఆ గడ్డకట్టిన వారం తర్వాత 380 హైవే మీద గుంతలు లేచాయి. మార్చిలో ఒక రాత్రి వానలో కుడి ముందు చక్రం గుంతలో పడింది. చప్పుడుకు పక్కన కూర్చున్న మా ఆవిడ గట్టిగా కేక వేసింది. ఇంటికొచ్చి చూస్తే టైరు బుగ్గ మీద నిమ్మకాయంత ఉబ్బు, రిమ్ము లోపలి అంచు ఒంకర. రిమ్మును సాగదీసి సరిచేయించాను, టైరు పారేశాను. అదే గుంతలో అదే వారం మా పక్కింటాయన 18 టైర్ల బండి కూడా పడింది. ఆయనకు ఏమీ కాలేదు.

2022 వేసవిలో అమ్మా నాన్నా వచ్చారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. అంతకుముందు వచ్చినప్పుడు ఈ ట్రక్కు ఎక్కాలంటే స్టూలు వేయాల్సి వచ్చేది. ఈసారి చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని మామూలు కారు ఎక్కినట్టు ఎక్కి కూర్చుంది. "ఇదేరా బాగుంది" అంది. నాకు ఈ దించడం మీద ఇంత ఇష్టం ఉండటానికి ఆ ఒక్క మాట చాలు.

నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీల కమాన్ పని చేశారు. వచ్చిన మూడో రోజు పొద్దున్నే గ్యారేజీలో అట్టముక్క పరుచుకుని బండి కింద పడుకుని ఉన్నారు. టార్చి వెలుగు వెనక యాక్సిల్ మీద కాసేపు ఆగింది.

"ఏరా, యాక్సిల్ని కట్ట మీదికి ఎక్కించారేంటి?"

"కిందికి దిగాలంటే అలాగే చేస్తారు నాన్నా."

"అది సరే. మామూలుగా కట్ట యాక్సిల్ మీద కూర్చుంటుంది. బరువు పైనుంచి నొక్కుతుంది, యూ బోల్టు ఊరికే జారకుండా పట్టుకుని ఉంటుంది. ఇప్పుడు కట్ట కిందికెళ్లింది. బరువు యూ బోల్టులకి వేలాడుతోంది. వీటిని మళ్లీ ఎప్పుడు బిగించారు?"

ఎప్పుడూ బిగించలేదు. నేను చదివినవాటిలో ఎవరూ ఇలా చెప్పిన గుర్తు లేదు. టార్క్ రెంచి తెచ్చాను. కుడి పక్క నాలుగు నట్లూ గట్టిగానే ఉన్నాయి. ఎడమ పక్క వెనక నట్టు రెంచి క్లిక్కుమనే లోపు అర చుట్టు పైన తిరిగింది. నాన్న ఏమీ అనలేదు. సుద్దముక్క అడిగారు, లేకపోతే పిల్లల రంగు పెన్ను తీసుకుని ప్రతి నట్టు మీదా, బోల్టు మీదా కలిసేట్టు ఒక గీత గీశారు. గీత తప్పితే నట్టు జరిగినట్టు. ఇప్పటికీ ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఆ గీతలే చూస్తాను. ఫ్లిప్ కిట్టు ఉన్నవాళ్లందరూ ఇది చేయండి, పైసా ఖర్చు లేదు.

ఆ నెలలోనే గుడిలో అన్నదానానికి బియ్యం తెచ్చే పని పడింది. 20 పౌండ్ల సోనామసూరి సంచులు 40, అంటే 800 పౌండ్లు, బండిలో నలుగురం. డ్రైవర్ తలుపు పక్క స్టిక్కర్ మీద రాసిన బరువుకు ఇది లోపే. అయినా రైలు పట్టాలు దాటుతుంటే వెనక యాక్సిల్ ఠంగుమని స్టాపర్లకు తగిలింది. ఫ్లిప్ వల్ల కమాన్ బలం తగ్గదు, అవే కట్టలు. తగ్గేది యాక్సిల్ పైకి ఆడే జాగా. దానికి తోడు టైరు లెక్క కూడా ఉంది. నా 24 టైర్ల లోడ్ ఇండెక్స్ 110, అంటే ఒక్కోటి 1060 కిలోలు. పాత 18 టైర్లవి 114, అంటే 1180. నాలుగింటికీ కలిపి దాదాపు 480 కిలోల మోత తగ్గింది. బరువులు మోసే పని నిజంగా ఉన్నవాళ్లు ఈ అంకె చూడకుండా టైరు కొనకండి. గాలి 40 పెట్టేవాణ్ణి, దాంతో ఇంకాస్త గట్టిగా తగిలేది.

నన్ను పూర్తిగా మార్చింది కార్సికానా. జులైలో ఆదివారం, పేర్లండ్ మీనాక్షి గుడికని ఐ-45 మీద హ్యూస్టన్ వైపు బయల్దేరాం. కార్సికానా దాటుతుండగా వెనక ఎడమ టైరు పోయింది. రోడ్డు పక్కన ఆపాను. బండి ముందే కిందికి ఉంది, గాలి పోయాక ఇంకా దిగింది. బండితో వచ్చిన జాకీ యాక్సిల్ కింద దూరలేదు. స్టెప్నీ బెడ్డు కింద వేలాడుతుంటుంది, కేబుల్ వదిలితే నేల మీదికి దిగుతుంది, కానీ బంపరు కిందనుంచి బయటికి లాగడానికి సందు లేదు. ఎండ నూరు డిగ్రీల పైన. అమ్మనూ నాన్ననూ పిల్లలనూ పెట్రోలు బంకులో కూర్చోబెట్టి నాలుగు షాపులకు ఫోను చేశాను. ఏ షాపులోనూ 24 టైరు లేదు. రెండు రోజుల్లో తెప్పిస్తామన్నారు. మామూలుగా కొక్కేనికి తగిలించి లాగే టోయింగ్ బండి దీనికి పనికిరాదు, చదును బల్ల ఉండే బండి రావాలి. అది రావడానికి మూడు గంటలు పట్టింది. మొక్కు తీరకుండానే ఇంటికి వచ్చేశాం. నాన్న దారిలో ఒక్కటే అన్నారు: "ఊళ్లో దొరకని టైరు బండికి వేయకూడదురా."

ఆ సెప్టెంబర్‌లో మొత్తం మార్చాను. ముందు పొట్టి స్ప్రింగులు తీసేసి పాతవి వేయించాను, స్పిండిళ్లు అలాగే ఉంచాను. వెనక యాక్సిల్‌ను మళ్లీ కట్ట కిందికి దింపించి, కట్టను చాసీకి తగిలించే హ్యాంగర్లు, షాకిళ్లు మార్చి నాలుగు అంగుళాల దగ్గర ఆపాను. చాసీ కోసిన చోటు ఇప్పుడు మేలే చేస్తోంది, యాక్సిల్ ఆడటానికి కావలసినంత జాగా. రిమ్ములు కంపెనీవే 22 బై 9, టైర్లు 285/45ఆర్22. ఎత్తు 815, అంటే 24తో సమానమే. బుగ్గ 128 మిల్లీమీటర్లు. టైరుతో కలిపి చక్రం 78 పౌండ్లు. ఎస్కలేడ్, యూకాన్ లాంటి పెద్ద బండ్లకు కంపెనీ ఏళ్ల తరబడి ఇదే టైరు వేసింది కాబట్టి ఎక్కడైనా దొరుకుతుంది. పాత 24 రిమ్ములను గార్లండ్‌లో ఒక కుర్రాడు కొనుక్కున్నాడు. సాగదీయించిన రిమ్ము ఏదో చూపించి, దాన్ని వెనక్కి వేసుకోమని చెప్పి ఇచ్చాను.

ఈ మార్పు తర్వాత 40 వేల మైళ్లు తిరిగాను. ఒక్క రిమ్ము వంగలేదు, ఒక్క టైరు ఉబ్బలేదు. ముందు టైర్లు రెండు పక్కలా సమానంగా అరిగాయి. మలుపుల్లో నాలుగు బై ఆరుకు, రెండు బై నాలుగుకు తేడా నేను పట్టుకోలేకపోతున్నాను, అంటే నాకు నచ్చిన ఆ కుదురు అంతా మొదటి రెండు అంగుళాల్లోనే వచ్చేసిందన్నమాట. అమ్మ ఎక్కడానికి ఇప్పటికీ స్టూలు అక్కర్లేదు. చూడటానికి 24 అందం వేరు, అది ఒప్పుకుంటాను. పార్కింగులో పక్కకు తిరిగి చూసిన ప్రతిసారీ ఆ నిండుదనం గుర్తొస్తుంది.

మైలేజీ చెప్పమని చాలామంది అడుగుతారు. నా హైవే ప్రయాణాల్లో పాత 18 మీద గ్యాలన్‌కు 21, 24 మీద 18.5, ఇప్పుడు 20. బ్రేకు ప్యాడ్లు 24 మీద ఉన్నప్పుడు త్వరగా అయిపోయాయి. ఖర్చు మొదటిసారి కిట్టు, కోత, కూలీ కలిపి 1,850 డాలర్లు, రిమ్ములు టైర్లు 2,400. రెండోసారి రిమ్ములు కాక 700. ఇన్సూరెన్సు కంపెనీకి ముందే చెప్పి విడిభాగాల కవరేజీ చేర్పించుకున్నాను, చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజు రిమ్ములకు డబ్బులు రావడం కష్టం. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత బండ్లకు భద్రతా తనిఖీ ఎత్తేశారు, మా డెంటన్ కౌంటీ లాంటి చోట్ల పొగ పరీక్ష మాత్రమే ఉంది. అంటే ఏడాదికోసారి బండి కింద చూసే ఇంకో మనిషి ఇప్పుడు లేడు. దించిన బండి ఉన్నవాళ్లు ఆ తనిఖీ సొంతంగా చేసుకోవాల్సిందే.

చేయించిన రోజు చూసుకోవాల్సినవి ఇంకొన్ని. చక్రం నట్లు 140 ఫుట్ పౌండ్లకు బిగించాలి, 50 మైళ్లు తిరిగాక మళ్లీ రెంచి పెట్టాలి. స్టీరింగు ఒక చివరి నుంచి ఇంకో చివరికి తిప్పించి, బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు టైరుకు గానీ రిమ్ముకు గానీ తగులుతున్నాయేమో చూడాలి. నా బండికి కుడి పక్క వైరు రాసుకుంది, ముందే చూశాం కాబట్టి క్లిప్పుతో సరిపోయింది. వెనక భాగం ఎక్కువ దిగుతుంది కాబట్టి హెడ్‌లైట్లు పైకి లేస్తాయి, గోడ మీద వెలుగు చూసి స్క్రూ తిప్పి దించుకోవాలి, లేకపోతే ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడతాయి. అద్దె ట్రైలర్ తగిలించేవాళ్లు హిచ్ (ట్రైలర్ తగిలించే చోటు) కిందికి వచ్చిందని గుర్తుంచుకుని, అందులో దూర్చే బాల్ మౌంటును తిరగేసి వేయాలి. బండిలో చదునుగా ఉండే జాకీ ఒకటి పెట్టుకోండి. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు డ్రైవ్ షాఫ్టుల కోణం కూడా లెక్కలోకి వస్తుంది, అది నేను చేయలేదు కాబట్టి దాని గురించి రాయను.

గుంటూరు నుంచి మా బావమరిది తన ఇసుజు వి-క్రాస్ పికప్పుకు ఇలాగే చేయిస్తానని ఫోటోలు పంపమన్నాడు. ఆ బండి మన శ్రీసిటీలోనే తయారవుతుంది, దానికీ ఆరు బోల్టులు, అదే 139.7 వృత్తం. బోల్టులు కలిశాయని ఇక్కడి రిమ్ము అక్కడ సరిపోదు, మధ్య రంధ్రం కొలత వేరు. అసలు సంగతి చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చకూడదు, సుప్రీంకోర్టు కూడా 2019లో అదే చెప్పింది. చాసీ కోసిన బండికి అక్కడ ఇన్సూరెన్సు క్లెయిము తిరస్కరించవచ్చు. వద్దని చెప్పాను. అదీకాక ఊరి స్పీడ్ బ్రేకర్ల మీద నాలుగు అంగుళాలు దించిన బండి రోజూ పొట్ట గీసుకుంటుంది. సీట్లు, మ్యూజిక్ సిస్టమ్ చేయించుకోమన్నాను. కాస్త అలిగాడు గానీ విన్నాడు.

ప్రస్తుతం బండి లక్షా తొమ్మిది వేల మైళ్ల మీద ఉంది. పోయిన వారం కింద పడుకుని చూస్తే ఎడమ పక్క కింది బాల్ జాయింట్ రబ్బరు సన్నగా పగిలింది, గ్రీజు ఇంకా బయటికి రాలేదు. వస్తువు ఆర్డర్ పెట్టాను, శనివారం మార్చి సోమవారం అలైన్‌మెంట్‌కు ఇస్తాను. టైర్లు ఇంకో ఎనిమిది తొమ్మిది వేల మైళ్లు వస్తాయి. తర్వాత కూడా 285/45ఆర్22లే.